పాప పాసైన పరీక్ష

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను, గుండె చిక్కబట్టుకుని చదవండి. ఇందులో కుట్ర ఉంది, గూఢచారి ఉన్నాడు, సొంత ఇంటివాళ్ళే శత్రుపక్షంలో నిలబడిన ఘట్టం ఉంది, నిండు సభలో ఒక స్త్రీ కన్నీరు పెట్టిన దృశ్యం ఉంది. రథం కూడా ఉంది.

నిజం చెప్పాలంటే రథం మూడు చక్రాల ఆటో. సభ అంటే హిమాయత్‌నగర్‌లో ఒక సందులో, మేడ మీద, చాప పరిచిన గది. గూఢచారి మా బావ ఆఫీసులో ఒకాయన, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరుస్తూ నాలుగు మాటలు చెప్పాడు, ఆయన చేసిన ద్రోహం అంతవరకే. ఆయుధం క్రీమ్ బిస్కెట్. కాబట్టి కావ్యం లేదు, ఏమీ లేదు. మా అక్క కూతురికి మాటలు ఎందుకు రావడం లేదో కనుక్కుందామని వెళ్ళి, కనుక్కోకుండా తిరిగొచ్చిన సంగతి ఇది.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి గుండ్రటి మేడ ఒకటి కట్టారు. దాని ఫొటో పేపర్లో ఎన్నిసార్లు పడిందంటే, మా కర్నూలు వైపు పల్లెల్లో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ‘అబ్బాయి ఆ బిల్డింగులో చేరతాడా?’ అని అడిగేవాళ్ళు. నేను ఆ బిల్డింగులో చేరడానికే వచ్చి చందానగర్‌లో అక్కా బావల ఇంట్లో దిగాను. రోజూ పొద్దున బస్సెక్కి అమీర్‌పేట వెళ్ళి కోబాల్ నేర్చుకునేవాణ్ణి. అది కంప్యూటర్ భాషల్లో ముసలిది. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములన్నీ తేదీ అర్థం కాక తికమకపడతాయని, వాటిని ముందే సరిచేయడానికి మనుషులు కావాలని చెప్పేవాళ్ళు. నా భవిష్యత్తంతా ఆ తికమక మీద ఆధారపడి ఉండేది.

మా బావ అప్పటికే ఆ పనిలో ఉన్నాడు. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడుందో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున ఇంట్లోనే ఉండేవాడు. ఆదివారాలు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు. “తప్పుందా లేదా అని కాదప్పా, యాడ ఉందో చెప్పాల. కనపడిన తప్పును దాచిపెట్టేవాడు మా ఫీల్డుకు పనికిరాడు.” ఆ మాటను పటం కట్టించి దేవుడి గూట్లో పెట్టలేదు గానీ, దాదాపు అంత పని చేశాను. మా చుట్టాల్లో మొదటిసారి కుర్చీలో కూర్చుని ఏసీలో చెమట పట్టకుండా సంపాదించిన మనిషి ఆయన. నాకు ఆయనంటే గురి.

పాపకు మూడేళ్ళు దాటాయి. చాలా అందంగా ఉండేది. ఇది మేనమామ మాట, కొంచెం తగ్గించి చదువుకోండి. పిలిస్తే తిరిగి చూసేది కాదు. మా ఇంటి వెనక అపార్ట్‌మెంటు కోసం బండలు పేలిస్తే వీధి మొత్తం ఉలిక్కిపడేది, పాప తన పని తను చేసుకునేది. అదే వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ చింపితే చాలు, మేడ మీద నుంచైనా దిగివచ్చేది. కాబట్టి చెవుడు కాదని డాక్టరు కంటే ముందే మాకు తెలిసిపోయింది. దాహమేస్తే నీళ్ళు అడగదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి బిందె మీద పెట్టేది, నేనొక గరిటెనన్నట్టు. ఇంటికొచ్చినవాళ్ళ చెప్పులన్నీ వరసగా పేర్చేది. వెళ్ళేటప్పుడు వాళ్ళు ఆ వరస చెడగొడితే ఏడుపు. ఆ చెప్పుల కోసం చుట్టాలు మా ఇంట్లోనే ఉండిపోవాల్సినంత ఏడుపు.

అసలు మాటల్లేవని కాదు. లింగంపల్లి స్టేషన్లో విన్న అనౌన్స్‌మెంటును ‘దయచేసి వినండి’ దగ్గర మొదలుపెట్టి, ఆ ఆడగొంతు ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ అప్పజెప్పేది. ‘అమ్మా’ అని మాత్రం ఎప్పుడూ పిలవలేదు.

“రైల్వేలో ఉద్యోగం గ్యారంటీ అక్కా” అన్నాను ఒకసారి. అక్క నవ్వలేదు. మా ఇంట్లో నా జోకులకు ఎవరూ నవ్వకపోవడం మామూలే. ఆ నవ్వకపోవడం వేరు.

అక్క చందానగర్‌లోనే ఒక చిన్న స్కూల్లో ఎల్కేజీకి చెప్పేది. ఆ వయసు పిల్లల్ని రోజంతా చూసేది కాబట్టి ఆమెకు అనుమానం ముందు వచ్చింది. “నా క్లాసులో పిల్లోళ్ళకు ఏబీసీడీలు రాకున్నా పక్కోడి మీద చాడీలు చెప్పడం వస్తాదిరా. కిందపడితే దెబ్బ నాకు చూపిచ్చి ఏడుస్తారు. మన పాప నాకు ఏదీ చూపిచ్చదు. ఇది లేటు కాదు, ఇంకేదో.”

బావ వాళ్ళమ్మ, అంటే మా అత్త, దానికి మందు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకునేది. “మావాడు నాలుగేండ్లకు గానీ నోరు తెరవలేదు. ఇప్పుడు చూడు, దొరలతో ఫోన్లో ఇంగ్లీషులో కొట్లాడతాండాడు. మా వంశంలోనే ఉండాది, మాట లేటు.” ఈ మాట వచ్చినప్పుడల్లా బావ చాలా శ్రద్ధగా మజ్జిగన్నం కలుపుకునేవాడు. అవునని గానీ కాదని గానీ అనేవాడు కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని అక్క ఏడాది ఆగింది.

ఏడాది తర్వాత పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెవులు చూశాడు, గొంతు చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. ‘పాప ఎదుగుదల మొత్తం ఒకసారి పరీక్ష చేయించండి, దానికి వేరే నిపుణులుంటారు’ అని హిమాయత్‌నగర్ సెంటరు పేరు రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని అక్క నాతో అంది: “ఉందో లేదో ఒకరు నా ముఖం మీద చెప్పాలరా. ఏదైనా సరే, తట్టుకుంటా. చెప్తే ఇంక ఏం చేయాల్నో అది చేస్తా. ఈ ఊరికే ఉండడమే నావల్ల కాదు.”

అక్క అడిగింది అంతే. మంచి మాట కాదు, నిజం మాట.

ఎస్టీడీ బూత్ నుంచి ఆ సెంటరుకు ఫోన్లు చేసే బాధ్యత నాది. ఎంగేజ్, ఎంగేజ్, ఎవరో ఎత్తి పెట్టేశారు, మళ్ళీ ఎంగేజ్. చివరికి రెండు నెలల తర్వాత ఒక తేదీ దొరికింది. ఉద్యోగం వచ్చినంత సంబరంగా ఇంటికొచ్చి చెప్పాను. బావ కూడా సంబరపడ్డాడు. “రెండు నెలలు టైముంది కదా, మంచిదే” అన్నాడు. టైముంటే ఎందుకు మంచిదో నాకు తట్టలేదు. నా బుర్ర పూర్తిగా కోబాల్‌కి కిరాయికిచ్చి ఉంది.

ఇక్కడ అమీర్‌పేట గురించి ఒక ముక్క చెప్పకపోతే ముందుకు నడవదు. ఆ రోజుల్లో ఏదైనా కంపెనీలో ఇంటర్వ్యూ జరిగితే, మొదట లోపలికెళ్ళినవాడు బయటికి రాగానే మెట్ల మీదే పదిమంది చుట్టుముట్టేవాళ్ళు. ‘ఏమడిగినారు?’ వాడు టై వదులు చేసుకుంటూ వరస ప్రకారం చెప్పేవాడు. మొదటి ప్రశ్న ఇది, రెండోది ఇది, మూడో దానికి నవ్వాలి. సాయంత్రానికి హాస్టళ్ళన్నిటికీ తెలిసిపోయేది. దాన్ని ఎవరూ మోసం అనేవాళ్ళు కాదు. చెప్పకుండా వెళ్ళిపోయినవాణ్ణే మోసగాడనేవాళ్ళు. బావకు ఉద్యోగం వచ్చింది కూడా ఆ మెట్ల మీదే. “వాళ్ళు అడగక ముందే నా దగ్గర జవాబుంది” అని ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. ప్రపంచంలో ప్రతి పరీక్షకూ ముందు వెళ్ళొచ్చినవాడు ఒకడుంటాడని, వాణ్ణి పట్టుకుంటే చాలని ఆయన నమ్మకం.

ఆ రెండు నెలల్లో మా ఇంట్లో ఒక చిన్న దొంగతనం జరుగుతూ వచ్చింది. పాపకోసం తెచ్చిన క్రీమ్ బిస్కెట్లు డబ్బాలోంచి మాయమయ్యేవి.

“అవి పాపవిరా, సిగ్గుండాల నీకు” అంది అక్క.

“నేను తినలేదక్కా.”

“మరి గోడలు తిన్నాయా?”

అత్త అడ్డుపడింది. “పోనీలేమ్మా, వయసులో ఉండే పిల్లోడు, ఆకలి. తిననీ.” ఆమె నన్ను ఎంత పెద్ద మనసుతో క్షమించిందంటే, కాసేపు నేనే తిన్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.

ఆ రోజు వచ్చింది. ఆటో మాట్లాడుకున్నాం. అక్క తన మంచి చీర కట్టుకుంది, పాపకు కొత్త గౌను. బావ ఆఫీసుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు కూడా తొడుక్కున్నాడు. ‘ఇంటర్వ్యూ ఎవరికి బావా?’ అన్నాను. నవ్వలేదు. చొక్కా జేబు కొంచెం ఉబ్బుగా ఉంది. అత్త గుమ్మంలో నిలబడి పాప నుదుట బొట్టు పెట్టి, “అన్నీ చెప్పి రా బంగారూ” అంది. మాటలు రాని పిల్లతో ఆ మాట అనడం వింతగా తోచింది. పెద్దవాళ్ళు, ఏదో ఆశ అనుకున్నాను.

పరీక్ష చేసే మేడం నడివయసు మనిషి, నేత చీర, గుంటూరు వైపు మాట. అందరినీ ‘అండీ’ అనేది, పాపను కూడా. ముందు పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అన్నీ అడిగింది. కానుపు ఎలా జరిగింది, ఎప్పుడు నడిచింది, జ్వరాలేమైనా వచ్చాయా. అక్క చెబుతూ పోయింది. తర్వాత మేడం బావ వైపు తిరిగింది.

“నాన్నగారూ, మీకు మాటలు ఎప్పుడొచ్చాయండీ? పెద్దవాళ్ళు చెప్పే ఉంటారుగా.”

బావ నిటారుగా కూర్చున్నాడు. ఈ ప్రశ్న ఆయన సిలబస్‌లో లేదు. ఎవరైనా మనల్ని గురించి అడిగితే గొప్పగా చెప్పాలన్నది మాత్రం ఒంటికి పట్టేసిన అలవాటు. “నాకా మేడం? పది నెలలకే. ఏడాది నిండేలోపల పద్యాలు చెప్పేవాణ్ణంట. మా అమ్మ ఊరంతా తిప్పి చెప్పిచ్చేదంట.”

అక్క మెల్లగా తల తిప్పి ఆయన్ను చూసింది. “నాలుగేండ్లు కదా?” అని అడిగింది, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

“అదీ... అమ్మ ఏదో, నీకు ధైర్యంగా ఉంటాదని...”

మేడం ఏదో రాసుకుంది. ఏడాది కాలం ఒక అబద్ధం మీద నిలబడి ఉందని తెలిసిన మనిషి గట్టిగా ఏమైనా అంటుందనుకుంటాం. అక్క పాప గౌను బొత్తాం ఊడిందేమోనని చూసి సర్దింది, అంతే.

తర్వాత మేడం పాపను చాప మీద కూర్చోబెట్టుకుని ఒక పెట్టె తెరిచింది. మేం గోడవారగా కూర్చున్నాం. మేడం ఒక కప్పు తీసి చూపించింది.

“ఇదేంటండీ చెప్పండి?”

“కప్పు” అంది పాప.

నేను సరిగా విన్నానో లేదో అనుకున్నాను. అక్క చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

మేడం చెంచా తీసింది. “చెంచా.” బంతి తీసింది. “బంతి.”

స్పష్టంగా, గట్టిగా, స్టేషన్లో ఆ గొంతులాగే. అక్క ఏడుస్తోంది. శబ్దం రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వుతూ ఏడుస్తోంది. అంతకుముందు ఆమె ఏడవడం పెళ్ళి పీటల మీద చూశాను గానీ అది హోమం పొగ. “ఒరేయ్, మాట్లాడతాందిరా. నేనే... నేనే ఏదేదో అనుకున్నా. ఊరికే ఇంతదూరం తెచ్చినా” అని నా చెవిలో గుసగుసలాడింది. జోకు వేద్దామని నోరు తెరిచాను, రాలేదు. ఆ గదిలో ఏడవనిదీ, నవ్వనిదీ బావ ఒక్కడే. ఆయన పెదవులు కదులుతున్నాయి. జపం చేస్తున్నాడనుకున్నాను.

మేడం తర్వాతి వస్తువు కోసం పెట్టెలో వెతికింది. అక్కడ ఉండాల్సిన బొమ్మ కనపడలేదు. పోనీలే అని దాన్ని వదిలేసి కుక్కను తీసింది.

“బొమ్మ” అంది పాప.

మేడం బస్సు చూపించింది.

“కుక్క.”

తాళంచెవి చూపించింది.

“బస్సు.”

మేడం కాసేపు పాపనే చూసింది. తర్వాత రెండు చేతులూ ఖాళీగా చాచి ముందు పెట్టింది. ఏమీ అడగలేదు.

“తాళంచెవి” అంది పాప. ఆ తర్వాత ఊపిరి తీసుకోకుండా తన పేరు చెప్పింది, నాన్న పేరు చెప్పింది, చందానగర్ అంది, ఆవు పాలిస్తుంది అంది. అన్నీ అయ్యాక లేచి నేరుగా బావ దగ్గరికి నడిచివెళ్ళి, ఆయన చొక్కా జేబు కింద చెయ్యి చాచి నిలబడింది.

బావ చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్ళింది. ప్యాకెట్ గలగలమంది. పాప ముఖం వెలిగిపోయింది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. బయటికి తీయలేడు, లోపల ఉంచలేడు.

అక్క నా మణికట్టు వదిలేసింది.

“ఎవరైనా నేర్పించారా అండీ?” అంది మేడం.

“నేర్పిచ్చడమంటే... కొంచెం ప్రాక్టీసు మేడం. మా కొలీగ్ వాళ్ళ బాబును ఇక్కడికే తెచ్చినారు. ఏమేమి చూపిస్తారో వరసగా చెప్పినాడు.”

“అలాగాండీ. ఆ బాబుకి ఇప్పుడెలా ఉందండీ?”

బావకు తెలియదు. ప్రశ్నలడిగాడు గానీ బాబు ఎలా ఉన్నాడని అడగలేదు.

మేడం కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, మేం ఎవరో ఒకరం సర్దిచెప్పడానికైనా పని దొరికేది. “ఇందులో పాసు ఫెయిలు ఉండవండీ” అంది. “పాపకి ఏది రావట్లేదో తెలిస్తే అక్కడ్నుంచి నేర్పడం మొదలుపెడతాం. ఇప్పుడు నేనేం రాసినా అది నాన్నగారు నేర్పింది రాసినట్టవుద్ది. కొన్నాళ్ళు పోనివ్వండి. ఇవన్నీ మరిచిపోవాలి. మళ్ళీ మొదట్నుంచీ చూద్దాం.”

“మీకేమనిపిస్తోందో అదన్నా చెప్పండి మేడం” అంది అక్క. గొంతు బతిమాలుతున్నట్టు ఉంది.

“అనుమానాలున్నాయండీ. సగం చూసి చెబితే తప్పు కావచ్చు. తల్లికి తప్పు చెప్పకూడదు కదండీ.”

ఇదే కథైతే సరిగ్గా ఈ క్షణంలో పాప ‘దయచేసి వినండి’ అని ఉండేది, గదిలో అందరి కళ్ళూ చెమర్చేవి. అనలేదు. బిస్కెట్ ఇవ్వలేదని ఒకటే ఏడుపు. ఏడ్చి ఏడ్చి చాప మీద పాస్ పోసింది. నేను తుడిచాను. మేనమామకు ఆ మాత్రం హక్కులుంటాయి.

తిరుగు ఆటోలో అక్క ఒక చివర, పాపను ఒళ్ళో పెట్టుకుని. బావ ఒక చివర. మధ్యలో నేను, ఇద్దరి మోకాళ్ళూ నాకే తగులుతూ.

“నువ్వే చెప్పప్పా బామ్మర్దీ” అన్నాడు బావ లక్డీకపూల్ దాటాక, నా మీదుగా. “బిడ్డ ఫెయిలయితాందంటే ఏ తండ్రైనా చూస్తా కూచుంటాడా? నేనేం తాగినానా, తందనాలాడినానా? రోజూ పొద్దున కూచోబెట్టుకోని చెప్పినా. రెండు నెలలు.”

“నాతోనన్నా ఒక మాట అనుండొచ్చు కదా బావా.”

“అంటే మీ అక్కకు చెప్పవా?”

“చెప్తా.”

“మరి?”

ఆయన లాజిక్‌లో ఎప్పుడూ తప్పు ఉండదు. పది రోజుల ముందు కూడా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కనపడిన తప్పును దాచేవాడు పనికిరాడని చెప్పిన మనిషి. ఆ మాట ఆయనకే అప్పజెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కనుంచి అక్క మాట్లాడింది, బయటికి చూస్తూ.

“కప్పు అనింది. చెంచా అనింది. బంతి అనింది. మూడింటికీ నేను ఏడిచినా. నువ్వు పక్కనే కూచోని చూస్తా ఉండినావు.”

ఎర్రగడ్డ దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఆటో అతను వెనక్కి తిరిగి “ఏమైనా పరేషానా సార్?” అన్నాడు. “ఏం లేదన్నా, పోనీ” అన్నాను.

ఇంటి ముందు దిగేసరికి కింద వాటాలో ఉండే ఓనరమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పుట్టిల్లు పక్కనే ఉన్న నల్లగండ్ల. మమ్మల్ని సొంతవాళ్ళలా చూసే మనిషి.

“ఏమాయె బిడ్డా? పాసైందా మన పిల్ల?”

అక్క ఆగింది. “మీకు తెలుసా అత్తమ్మా?”

“తెల్వకేంది! మీ ఆయన పొద్దుగాల పొద్దుగాల ఎంత కష్టపడ్డడు. నువ్వు బడికి పోంగనె షురూ. నేను సుత చెంచా వట్టుకొని అడిగేదాన్ని జర. మీ అత్త బిస్కెట్ పట్టుకొని తయారుగుండె. మంచిగ చెప్పిందా?”

“మంచిగ చెప్పింది” అంది అక్క.

అప్పుడు వెలిగింది నాకు, నన్ను క్షమించిన అత్త పెద్ద మనసు ఎక్కడినుంచి వచ్చిందో. రెండు నెలలు నేను బిస్కెట్ దొంగనని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఇంటిల్లిపాదిలో సగంమంది నమ్మినట్టు నటించారు. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, ఇప్పటికీ ఆ కంపెనీ బిస్కెట్ నేను ముట్టను.

పైన అత్త ఎదురొచ్చి అడిగింది. ఎవరూ చెప్పకపోయినా మా ముఖాలు చూసి గ్రహించింది. “ఎవురికోసం చేసినామమ్మా? ఆడపిల్ల. పేరు పడితే రేప్పొద్దున ఏమి కావాల?”

“నాలుగేండ్లకు మాట్లాడినాడని చెప్పినావు కదత్తా.”

“నీకు నిద్ర పట్టేది కాదు. అందుకు చెప్పినా. పట్టింది కదా?”

పట్టింది మరి. అదే అక్కను అన్నిటికంటే ఎక్కువ కోసిందని నాకనిపించింది. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. చెడ్డవాళ్ళయితే మొహాన తలుపేసి కర్నూలు బస్సెక్కొచ్చు. అందరూ ప్రేమగా, కలిసికట్టుగా, ఓనరమ్మతో సహా, ఒక్క మనిషికి నిజం తెలియకుండా కాపలా కాశారు. ఆ మనిషి మాత్రం నిజం కావాలని ఏడాదిగా అడుగుతోంది.

మర్నాడు అక్క నా దగ్గర సెంటరు ఫోన్ నంబరు తీసుకుంది. “నేను చేస్తాలే అక్కా, వాళ్ళ లైన్ దొరకదు” అన్నాను.

“వద్దు. నేనే చేసుకుంటా.”

కొన్నాళ్ళయ్యాక తేదీ దొరికిందా అని అడిగాను. దొరికిందంది. ఎప్పుడంటే చెప్పలేదు.

“నాకు కూడా చెప్పవా? నేనేం చేశానక్కా?”

“నువ్వేం చేయలేదురా.” చపాతీ పిండి పిసుకుతోంది, తలెత్తలేదు. “కానీ నువ్వూ ఈ ఇంట్లోనే తింటాండావు.”

నేను ఆ ఇంట్లో తింటున్నమాట నిజమే. చెప్పకపోతే బాగుండదు, ఆ రాత్రి కూడా తిన్నాను, చపాతీలు బాగున్నాయి. కానీ బావ చేసినదానికంటే ఈ మాటే నాకు లోపల దిగింది. నిజానికి ఇది కూడా బావ చేసిందే. అక్క దగ్గర నాకున్న స్థానాన్ని ఆయన బిస్కెట్లతో పాటే ఖర్చుపెట్టేశాడు. ఆ తర్వాత ఆదివారాలు కోబాల్ పాఠానికి పిలిస్తే తలనొప్పి అని చెప్పడం మొదలుపెట్టాను. ఆయనకు అర్థమైంది, పిలవడం మానేశాడు.

ఆ నెలల్లో ఇంట్లో ఎవరూ పాపకు ఏమీ నేర్పలేదు. అక్క చెంచాలు, కప్పులు పేరు పెట్టి పిలవడం కూడా మానేసింది, ‘అది ఇటియ్యి’ అనేది. పాప నిజంగానే ఒక్కొక్క మాటా మరిచిపోయింది. మరిచిపోతుంటే బావ చూడలేకపోయేవాడు. ఒకరోజు పొద్దున పాప వెళ్ళి ఆయన జేబు కింద చెయ్యి చాచి నిలబడింది. ఆయన లేచి బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు. నేను ఆరోజు క్లాసు ఎగ్గొట్టి ఇంట్లో ఉన్నాను కాబట్టి చూశాను. జాలిపడదామనుకున్నాను. కొంచెమే వచ్చింది.

అక్క ఒకరోజు స్కూల్లో పేపర్లు దిద్దాలని చెప్పి, పాపను కూడా స్కూలుకు తీసుకెళ్తున్నానని చెప్పి వెళ్ళింది. సాయంత్రం మామూలుగానే వచ్చింది. మాకెవరికీ ఏ అనుమానం రాలేదు. అబద్ధం చెప్పడం ఆమెకూ వచ్చునని, మా అందరికంటే బాగా వచ్చునని ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది.

అందరికీ వడ్డించి, తనూ కూర్చుని చెప్పింది. స్కూలుకని వెళ్ళిన ఆ రోజు మేడం పాపను రెండు పూటలు చూసిందట. ఈసారి నోటితో చెప్పించడమే కాదు, పాప ఎలా ఆడుతోంది, ఎవరి వైపు చూస్తోంది, ఏది కావాలంటే ఎలా అడుగుతోంది, అన్నీ చూసిందట. ఆటిజం అంటారట. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అంతవరకూ వినలేదు. అక్క దాన్ని రెండుసార్లు పలికింది, క్లాసులో కొత్త అక్షరం చెప్పినట్టు.

“ఎన్నాళ్ళకు తగ్గుతాదంట?” అన్నాడు బావ.

“తగ్గేది కాదంట. నేర్పాలంట.”

“నేర్పితే...” అని ఆయన మొదలుపెట్టాడు.

“నువ్వు కాదు” అంది అక్క. “వాళ్ళు నేర్పిస్తారు. చూసి నేను ఇంట్లో నేర్పుతా. ఒక ఏడాది ముందే వచ్చుండాల్సింది అనింది మేడం. ఎందుకు రాలేదని అడిగింది. నేనేం చెప్పాల?”

అత్త పళ్ళెంలో అన్నం అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. నేను ఏదో ఒకటి అని తేలిక చేయాలని చూశాను, అలాంటి పనులకే నన్ను ఇంట్లో పెట్టుకున్నారని నా అభిప్రాయం. కానీ అక్క ముఖం చూశాను. ఏడుపు లేదు. చాలా రోజుల తర్వాత ఆమె ఆకలితో తింటోంది. పప్పు మళ్ళీ వేసుకుంది.

బావ మీద నాకు కోపం పోయిందా అని అక్క ఒకసారి అడిగింది. నీకు పోయిందా అన్నాను. ఇద్దరం వేరే మాటలోకి దిగాం.

మాటల శిక్షణ సోమ, గురువారాలు, పొద్దున పదిన్నరకు. చందానగర్ నుంచి ఆ హిమాయత్‌నగర్ సందుకు నేరుగా వెళ్ళే బస్సు లేదు. అక్కా పాపా లక్డీకపూల్‌లో దిగి మారాలి.